జ్వరం ఎన్నో రోజు? స్క్రబ్ టైఫస్, అంతుచిక్కని జ్వరాలపై పాఠకుల ప్రశ్నలు

వానలు తగ్గుముఖం పట్టినప్పటి నుంచి సంక్రాంతి దాకా మాకు వచ్చే ఉత్తరాల్లో జ్వరాల ఊసు లేనివి తక్కువ. ఈసారి స్క్రబ్ టైఫస్ గురించే, అంటే చిగ్గర్ అనే చిన్న పురుగు కుట్టడం వల్ల వచ్చే బ్యాక్టీరియా జ్వరం గురించే ఎక్కువమంది అడిగారు. కొన్ని ప్రశ్నలు ఇళ్ల నుంచి, కొన్ని ల్యాబుల నుంచి వచ్చాయి. వైద్యులు, మైక్రోబయాలజీ నిపుణులు కలిసి జవాబులు ఇచ్చారు.

ప్రశ్న: మా నాన్నగారికి ఆరు రోజులుగా జ్వరం. మలేరియా, డెంగీ లేవన్నారు. వైడాల్ పరీక్షలో టైఫాయిడ్ అని వచ్చిందని సెఫిక్సిమ్ బిళ్లలు ఇచ్చారు. జ్వరం దిగలేదు. నిన్న ఒళ్లు తుడుస్తుంటే చంకలో నల్లటి పక్కు కట్టిన మచ్చ కనబడింది. నొప్పి లేదంటున్నారు. ఇప్పుడు ఏ పరీక్ష చేయించాలి?
– గృహిణి, పలమనేరు

జవాబు: ముందు ఆ మచ్చను ఈరోజే డాక్టరుకు చూపించండి. సిగరెట్‌తో కాల్చినట్టు మధ్యలో నల్లటి పక్కు, చుట్టూ ఎర్రటి అంచు, ముట్టుకుంటే నొప్పి లేకపోవడం, పక్కనే గ్రంథి వాపు ఉంటే అది ఎస్కార్ కావచ్చు. స్క్రబ్ టైఫస్ బ్యాక్టీరియాను మోసుకొచ్చే చిగ్గర్ పురుగు కుట్టినచోటే ఇది ఏర్పడుతుంది. చంకలు, గజ్జలు, నడుము దగ్గర మొలతాడు లేదా లంగా నాడా ఒరుసుకునే చోటు, రొమ్ముల కింద, చెవుల వెనుక, మర్మాంగాల దగ్గర ఎక్కువగా కనబడుతుంది. రోగికి దురద గానీ నొప్పి గానీ ఉండదు కాబట్టి తనంతట తాను చెప్పడు. బట్టలు తీసి వెతికితేనే దొరుకుతుంది. వెతికినా కొందరిలో అసలు ఉండదు. ఉంటే మాత్రం ఏ ల్యాబ్ కాగితానికీ తీసిపోని ఆధారం.

సెఫిక్సిమ్ పనిచేయకపోవడంలో వింత లేదు. ఆ జాతి మందులు బ్యాక్టీరియా గోడ మీద దెబ్బ కొడతాయి. ఓరియెన్షియా సుత్సుగముషి అనే ఈ బ్యాక్టీరియాకు మామూలు బ్యాక్టీరియాలకు ఉన్నంత గోడ లేదు, పైగా అది మన కణాల లోపల దాక్కుని బతుకుతుంది. దీనికి పనిచేసే మందులు డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్. పెద్దవాళ్లకు డాక్సీసైక్లిన్ 100 మి.గ్రా. పూటకొకటి చొప్పున రోజుకు రెండు, 7 రోజులు. అజిత్రోమైసిన్ అయితే రోజుకు 500 మి.గ్రా. చొప్పున 5 రోజులు. గర్భిణులకు అజిత్రోమైసిన్ ఇస్తారు. ఏది, ఎంత అనేది మీ డాక్టరే రాయాలి. డాక్సీసైక్లిన్‌ను అన్నం తిన్నాక నిండు గ్లాసు నీళ్లతో మింగి, అరగంట పడుకోకుండా ఉండాలి. లేదంటే బిళ్ల అన్నవాహికలో చిక్కుకుని పుండు చేస్తుంది. పాలు, ఐరన్ బిళ్లలు, గ్యాస్ మందు దీనికి కనీసం రెండు గంటల ఎడంగా ఉండాలి.

ఇక పరీక్ష. జ్వరం ఆరో రోజు కాబట్టి మీ నాన్నగారు సరిగ్గా రెండు పరీక్షల మధ్య సంధిలో ఉన్నారు. మొదటి వారంలో రక్తంలో బ్యాక్టీరియా జన్యువు దొరికే అవకాశం ఉంటుంది, జన్యువును లెక్కలేనన్ని కాపీలుగా పెంచి చూసే పీసీఆర్ పరీక్ష దాన్ని పడుతుంది. జబ్బు మీద శరీరం మొదట తయారుచేసే ఐజీఎం యాంటీబాడీలు సాధారణంగా అయిదు నుంచి ఏడు రోజులు దాటాకే, వాటిని కొలిచే ఎలీసా పరీక్షకు అందుతాయి. కాబట్టి వీలైతే ఈరోజు రెండింటికీ రక్తం ఇవ్వండి, పక్కును పీసీఆర్‌కు పంపమనండి. కానీ డాక్టరు రాసిన సరైన మందును ఫలితం వచ్చేదాకా మొదలుపెట్టకుండా ఆపవద్దు. సరైన మందు పడితే చాలామందికి 48 గంటల్లో జ్వరం దిగుతుంది. దిగకపోయినా, ఆయాసం, మూత్రం తగ్గడం, కళ్లు పచ్చబడటం, మాట తడబడటం, మగత, ఫిట్స్‌లో ఏ ఒక్కటి కనిపించినా ఐసీయూ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ప్రశ్న: మా ఏరియా ఆసుపత్రి నుంచి పీసీఆర్‌కు పంపిన శాంపిళ్లలో చాలావరకు నెగెటివ్ అని తిరిగొస్తున్నాయి. వాటిలో కొందరికి తరవాత ఎలీసా పాజిటివ్ వచ్చింది. శాంపిల్ తీయడంలో తేడా ఉందా?
– ల్యాబ్ టెక్నీషియన్, మదనపల్లె

జవాబు: తేడా ఎక్కువగా మూడు చోట్ల వస్తుంది: ట్యూబులో, వేళలో, ఫ్రీజర్‌లో.

ట్యూబు ఈడీటీఏ, అంటే ఊదా మూతది కావాలి. పచ్చ మూత హెపారిన్ ట్యూబు వాడితే ఆ హెపారిన్ డీఎన్‌ఏతో పాటే వచ్చి పీసీఆర్ ఎంజైమును అడ్డుకుంటుంది. అప్పుడు వచ్చే నెగెటివ్‌కు అర్థమే లేదు. పెద్దవాళ్ల దగ్గర 3 నుంచి 5 మి.లీ. తీసి, ట్యూబును ఎనిమిది పదిసార్లు నెమ్మదిగా తలకిందులు చేయండి. గట్టిగా ఊపితే ఎర్రకణాలు పగులుతాయి, హీమోగ్లోబిన్ కూడా పీసీఆర్‌కు అడ్డే.

వేళ విషయానికొస్తే, మొదటి డోసు డాక్సీసైక్లిన్ పడకముందే రక్తం తీయాలి. ఈ జ్వరంలో రక్తంలో తిరిగే బ్యాక్టీరియా అసలే తక్కువ, మందు పడ్డాక ఇంకా తగ్గిపోతుంది. మీకు తరవాత ఎలీసా పాజిటివ్ వచ్చినవారు రెండో వారంలో ఉన్నారేమో చూడండి. అప్పుడు పీసీఆర్ నెగెటివ్, ఎలీసా పాజిటివ్ రావడం తప్పు కాదు, ఆ రోజుకు అదే సహజం.

మూడోది చాలాచోట్ల ఎవరూ గమనించనిది. బ్యాక్టీరియా ఉండేది తెల్లకణాల్లో, రక్తనాళాల లోపలి పొర కణాల్లో. ప్లాస్మాలో, సీరమ్‌లో ఉండేది స్వల్పం. అందుకే తెల్లకణాల పొర, అంటే బఫీ కోట్ నుంచి డీఎన్‌ఏ తీస్తే ఫలితం మెరుగ్గా ఉంటుంది. మొత్తం రక్తాన్ని అలాగే మైనస్ 20లో పెట్టేస్తే కణాలు పగిలిపోతాయి, కరిగాక ఎంత తిప్పినా బఫీ కోట్ విడిపడదు. ముందు సెంట్రిఫ్యూజ్ చేసి, పైన ఉన్న ప్లాస్మా తీసేసి, ఎర్రకణాల మీద పలచగా తెల్లగా కనబడే పొరను పిపెట్‌తో విడిగా క్రయోవయల్‌లోకి (ఫ్రీజర్ చలిని తట్టుకునే చిన్న సీసాలోకి) తీసి, దాన్ని ఫ్రీజ్ చేయండి. ఆ సదుపాయం లేకపోతే రక్తాన్ని ఫ్రీజ్ చేయకుండా 2 నుంచి 8 డిగ్రీల్లో ఉంచి ఒకటి రెండు రోజుల్లో పంపేయడమే మేలు. ఐస్ ప్యాక్ ట్యూబుకు నేరుగా తగలకుండా మధ్యలో దూది లేదా కాగితం పెట్టండి.

ఎస్కార్ ఉంటే రక్తం కన్నా అదే విలువైన శాంపిల్. బ్యాక్టీరియా అక్కడ ఎక్కువ, మందు మొదలుపెట్టి కొన్ని రోజులైనా దాని జన్యువు అందులో దొరుకుతుంది. స్పిరిట్‌తో చుట్టూ తుడిచి, ఆరనిచ్చి, స్టెరైల్ ఫోర్సెప్స్‌తో పక్కు అంచు లేపి ముక్కను తీయండి. పొడి స్టెరైల్ వయల్‌లో వేయండి. ఫార్మలిన్‌లో వేస్తే డీఎన్‌ఏ ముక్కలైపోతుంది, ఆ తరవాత ఎవరూ ఏమీ చేయలేరు. పక్కు రాలిపోయి ఉంటే స్టెరైల్ సెలైన్‌తో తడిపిన స్వాబ్‌ను పుండు అడుగున గట్టిగా రుద్ది పంపండి.

ఫారంలో పేరు, వయసు ఒక్కటే రాస్తే సగం పని. జ్వరం మొదలైన తేదీ, శాంపిల్ తీసిన తేదీ, మొదటి యాంటీబయాటిక్ పేరు, అది వేసిన తేదీ, ఊరు, చేసే పని తప్పక రాయండి. ఫలితం చదివేవారికి ఈ వివరాలు లేకపోతే నెగెటివ్ అన్న మాటకు బరువు ఉండదు.

ప్రశ్న: స్క్రబ్ టైఫస్ బ్యాక్టీరియాలోని 56 కేడీఏ (కిలోడాల్టన్) ప్రొటీన్ జన్యువుకు నెస్టెడ్ పీసీఆర్ (రెండు రౌండ్ల పీసీఆర్) చేస్తున్నాను. బ్యాండ్ వస్తోంది, సీక్వెన్స్ కూడా వచ్చింది. సీక్వెన్స్‌లను డేటాబేస్‌తో పోల్చే బ్లాస్ట్‌లో మొదటి వరసలో వచ్చిన పేరునే స్ట్రెయిన్ (బ్యాక్టీరియా రకం) అని రాయవచ్చా? రెండు శాంపిళ్లలో సీక్వెన్స్ పీకులు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. ఎందుకు?
– ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ విద్యార్థిని, తిరుపతి

జవాబు: మీ ప్రశ్నకు మొదటి భాగం జవాబు: రాయకూడదు. బ్లాస్ట్‌లో పైన వచ్చేది డేటాబేస్‌లో ఎవరో జమ చేసిన సీక్వెన్స్. దానికి వాళ్లు పెట్టిన పేరు స్థానిక ఐసొలేట్ నంబరు కావచ్చు, తప్పుగా వర్గీకరించిందీ కావచ్చు. ఎక్కువ పోలిక ఉందంటే ఆ గుంపులో చేరిందని కాదు.

ముందు ఈ జన్యువును ఎందుకు ఎంచుకుంటారో చూద్దాం. 56 కేడీఏ ప్రొటీన్ బ్యాక్టీరియా పైపొర మీద ఉంటుంది. మన యాంటీబాడీలు ముఖ్యంగా దీన్నే గుర్తుపడతాయి. అందులో నాలుగు చోట్ల అమైనో ఆమ్లాలు స్ట్రెయిన్‌ను బట్టి బాగా మారతాయి. స్ట్రెయిన్ తేల్చడానికి ఆ మార్పే ఆధారం. అదే మార్పు వ్యాధి నిర్ధారణకు ఇబ్బంది, ఎందుకంటే స్థానిక స్ట్రెయిన్‌లో ప్రైమర్ (కాపీ తీయడాన్ని మొదలుపెట్టే చిన్న డీఎన్‌ఏ ముక్క) అతుక్కునే చోటే మారిపోయి ఉంటే బ్యాండ్ రాదు. అందుకే ఉందా లేదా అని తేల్చడానికి అంతగా మారని 47 కేడీఏ జన్యువు మీద రియల్ టైమ్ పీసీఆర్, ఏ రకం అని తేల్చడానికి 56 కేడీఏ వాడటం మంచి పద్ధతి. మొదటిది పాజిటివ్, రెండోది నెగెటివ్ వస్తే శాంపిల్‌ను పారేయకండి. కొత్త రకం దొరికే అవకాశం ఉన్నది అక్కడే.

మీరు వాడుతున్నది బహుశా 34, 55 బయటి ప్రైమర్లు, 10, 11 లోపలి ప్రైమర్లు ఉన్న పాత పద్ధతి. దాంట్లో చివరికి 483 బేస్‌ల (డీఎన్‌ఏ అక్షరాల) ముక్క వస్తుంది. స్ట్రెయిన్‌ను బట్టి కొద్ది బేస్‌లు అటూ ఇటూ ఉంటుంది. 2 శాతం అగరోజ్ జెల్‌లో 100 బేస్‌ల ల్యాడర్ పక్కన చూడండి. ఈ ముక్క ప్రాథమిక వర్గీకరణకు సరిపోతుంది. వీలుంటే జన్యువు మొత్తాన్ని, అంటే సుమారు 1,600 బేస్‌లను చదివించండి. రెండు వైపుల నుంచీ శాంగర్ సీక్వెన్సింగ్ చేయించి, మొదట్లో చివర్లో నాణ్యత లేని భాగం కత్తిరించి, రెండూ సరిపోల్చి ఒకే వరుస తయారుచేయాలి. ప్రైమర్ భాగం తీసేయడం మరవొద్దు, అక్కడున్న అక్షరాలు మీరు వేసినవే గానీ బ్యాక్టీరియావి కావు.

తరవాత రిఫరెన్స్ స్ట్రెయిన్లతో కలిపి వంశవృక్షం లాంటి చెట్టు గీయాలి. కార్ప్ (న్యూగినీ, 1943), గిలియం (అస్సాం-బర్మా సరిహద్దు, 1943), కాటో (జపాన్‌లోని నీగాటా, 1952) ఈ మూడూ పాత ప్రామాణికాలు. వీటితో పాటు టీఏ716, టీఏ763, కవసాకి, కురోకి, బోర్యోంగ్, షిమోకోషి లాంటివి చేర్చండి. ప్రొటీన్‌ను ఇచ్చే జన్యువు కాబట్టి అలైన్‌మెంట్‌ను (వరుసల సరిపోలికను) కోడాన్ వారీగా, అంటే మూడేసి అక్షరాలుగా చేయడం మంచిది. కొమ్మలకు ఎంత మద్దతు ఉందో చూపే బూట్‌స్ట్రాప్ 1,000 పెట్టండి. మీ సీక్వెన్స్ కాటో ఉన్న కొమ్మలో గట్టి మద్దతుతో చేరితే ‘కాటోను పోలినది’ అని రాయండి, ‘కాటో’ అని కాదు. వెల్లూరు ప్రాంత రోగుల్లో కాటోను పోలినవి ప్రధానంగా, తరవాత కార్ప్‌ను పోలినవి కనబడ్డాయి. తిరుపతికి వెల్లూరు దగ్గరే కాబట్టి మీ ఫలితాన్ని వాటి పక్కన పెట్టి చూడటం అవసరం. అయితే దగ్గరి ప్రాంతంలో ఉన్నది మీ దగ్గరా ఉండాలని ముందే అనుకోవద్దు.

ఇప్పుడు ఒకదాని మీద ఒకటి పడుతున్న పీకులు. కారణాలు మూడు. మొదటిది కలుషితం. నెస్టెడ్ పీసీఆర్‌లో మొదటి రౌండ్ ట్యూబు మూత తీసిన ప్రతిసారీ కోట్ల కొద్దీ కాపీలు గాల్లోకి, పిపెట్ మీదికి చేరతాయి. మాస్టర్‌మిక్స్ కలిపేది ఒక గదిలో, డీఎన్‌ఏ వేసేది మరో చోట, మొదటి రౌండ్ ఉత్పత్తిని తెరిచేది మూడో చోట ఉండాలి. ఫిల్టర్ టిప్పులు, వేరే పిపెట్లు, వేరే కోటు వాడాలి. రెండో రౌండుకు విడిగా నీళ్ల కంట్రోల్ పెట్టండి. మొదటి రౌండ్ నెగెటివ్ కంట్రోల్‌ను కూడా రెండో రౌండులోకి తీసుకెళ్లండి, చాలామంది అది చేయరు. అందులో బ్యాండ్ వస్తే ఆ రోజు పాజిటివ్‌లన్నీ రద్దు. పాజిటివ్ కంట్రోల్‌గా వాడే స్ట్రెయిన్, రోగుల్లో దొరికిన స్ట్రెయిన్ అక్షరం పొల్లుపోకుండా ఒకటే వస్తే ముందు మీ బెంచినే అనుమానించండి.

రెండో కారణం మనిషి డీఎన్‌ఏ మీద ప్రైమర్ పొరపాటున అతుక్కోవడం. అప్పుడు జెల్‌లో అదనపు బ్యాండ్ కనబడుతుంది. ఎనీలింగ్ ఉష్ణోగ్రతను డిగ్రీ చొప్పున పెంచి చూడండి, సరైన బ్యాండ్‌ను కోసి శుద్ధి చేసి పంపండి. మూడోది నిజంగానే ఒకే రోగిలో రెండు స్ట్రెయిన్లు ఉండటం. ఇది ఇతర దేశాల్లో నమోదైన సంగతే. నిర్ధారించడానికి అదే శాంపిల్ నుంచి మళ్లీ డీఎన్‌ఏ తీసి, పీసీఆర్ ఉత్పత్తిని ప్లాస్మిడ్‌లో క్లోన్ చేసి, ఎనిమిది నుంచి పది కాలనీలను విడివిడిగా చదివించండి. రెండు వరుసలూ రెండుసార్లూ వస్తే అప్పుడు ధైర్యంగా రాయవచ్చు.

ఒక హెచ్చరిక. ఓరియెన్షియా జన్యువులు ఒకదానితో ఒకటి తరచు ముక్కలు మార్చుకుంటాయి. దాని జన్యు సమాచారం సుమారు 20 లక్షల బేస్‌లు, అందులో చాలాభాగం మళ్లీ మళ్లీ వచ్చే వరుసలే. 56 కేడీఏ చెట్టు ఆ ఒక్క జన్యువు వంశవృక్షమే గానీ బ్యాక్టీరియాది కాదు. స్ట్రెయిన్ల చుట్టరికం గురించి గట్టిగా మాట్లాడాలంటే కణం రోజువారీ పనులకు అవసరమైన ఏడు హౌస్‌కీపింగ్ జన్యువుల వరుసలను కలిపి పోల్చే ఎంఎల్ఎస్‌టీ చేయాలి. కల్చర్ జోలికి మాత్రం మామూలు కాలేజీ ల్యాబులో వెళ్లకండి. దీన్ని ఎల్929 లాంటి సజీవ కణాల్లోనే పెంచాలి, వారాలు పడుతుంది, గట్టి జీవభద్రత ఏర్పాట్లున్న బీఎస్ఎల్-3 ల్యాబ్ తప్పనిసరి.

ప్రశ్న: స్ట్రెయిన్ ఏదో తెలిస్తే మందు మారుతుందా? డాక్సీసైక్లిన్‌కు లొంగని రకం ఉందని విన్నాం.
– మెడికల్ ఆఫీసర్, పాడేరు

జవాబు: మారదు. కార్ప్ అయినా కాటో అయినా అదే మందు, అదే మోతాదు. 1990లలో ఉత్తర థాయిలాండ్ నుంచి మందు ఆలస్యంగా పనిచేస్తోందన్న నివేదికలు వచ్చాయి. తరవాత ఆ ఆధారాలను మళ్లీ పరిశీలించినప్పుడు నిజమైన మొండితనం ఉందని తేలలేదు. మీ దగ్గర 48 నుంచి 72 గంటల్లో జ్వరం దిగకపోతే స్ట్రెయిన్‌ను నిందించే ముందు రోగ నిర్ధారణను, వాంతుల్లో బిళ్ల పోయిందేమోనని, జంట ఇన్ఫెక్షన్‌ను చూడండి. లెప్టోస్పైరోసిస్, డెంగీ, మన్యంలో మలేరియా దీంతో కలిసి రావచ్చు.

తీవ్రమైన కేసుల్లో మాత్రం పద్ధతి మారింది. వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ ఆధ్వర్యంలో భారత్‌లోని పలు ఆసుపత్రుల్లో జరిగి 2023లో ప్రచురితమైన ట్రయల్‌లో ఊపిరితిత్తులు, మెదడు, కిడ్నీ లాంటి అవయవాలు దెబ్బతిన్న రోగులకు డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్ రెండూ కలిపి నరం ద్వారా ఇస్తే, ఏ ఒక్కటి ఇచ్చినదానికన్నా మంచి ఫలితం వచ్చింది. పెద్దాసుపత్రికి పంపేముందు మొదటి డోసు మీ దగ్గరే వేసి, వేసిన వేళ రిఫరల్ చీటీ మీద రాయండి.

స్ట్రెయిన్ తెలుసుకోవడం ఎందుకంటే, ఎలీసా కిట్లలో వాడే యాంటిజెన్లు కొన్ని ప్రామాణిక స్ట్రెయిన్ల నుంచి తయారవుతాయి. మన కొండల్లో తిరిగే రకం వాటికి దూరమైతే కిట్ కొందరిని వదిలేస్తుంది. టీకా తయారీకి ఇప్పటిదాకా అడ్డుపడుతున్నదీ ఈ వైవిధ్యమే.

ప్రశ్న: వైల్-ఫెలిక్స్ పరీక్ష చౌక. ఎలీసా బదులు అది చేస్తే చాలదా?
– డయాగ్నొస్టిక్ సెంటర్, నంద్యాల

జవాబు: చాలదు. అది ప్రొటియస్ అనే వేరే బ్యాక్టీరియాతో వచ్చే పోలిక మీద ఆధారపడిన పాత పరీక్ష. ప్రొటియస్ రకాల్లో ఓఎక్స్‌కే మీద యాంటీబాడీ పెరిగితే స్క్రబ్ అనుమానం, ఓఎక్స్19, ఓఎక్స్2 పెరిగితే ఎలుక టైఫస్, పిడుదుల వల్ల వచ్చే మచ్చల జ్వరాల అనుమానం. మరో పరీక్ష దొరకనిచోట దారి చూపుతుందే తప్ప, చాలా కేసులను వదిలేస్తుంది. ఐజీఎం ఎలీసాలో ఓడీ (రంగు గాఢత కొలత) 0.5 దాటితే పాజిటివ్ అని మన దేశ మార్గదర్శకాలు చెబుతాయి. అయినా ఒక్క ఐజీఎం పాజిటివ్ ‘సంభావ్య’ కేసే. ఐజీఎం నెలల తరబడి నిలవవచ్చు కాబట్టి పోయినేటి జ్వరం కూడా ఈ ఏటిదిలా కనబడుతుంది. పీసీఆర్ పాజిటివ్ అయినా, రెండు వారాల ఎడంతో తీసిన రెండు సీరమ్‌లలో యాంటీబాడీ నాలుగింతలు పెరిగినా అప్పుడు ‘నిర్ధారిత’ కేసు. మీ రిపోర్టు మీద ఈ తేడా ఒక వాక్యంలో అచ్చువేస్తే చదివే డాక్టరుకు మేలు.

ప్రశ్న: ఉత్తరప్రదేశ్‌లోని గోరఖ్‌పూర్‌లో ఏళ్ల తరబడి పిల్లల్ని బలిగొన్న మెదడువాపు జ్వరానికి స్క్రబ్ టైఫస్సే కారణమని చదివాను. అంతకాలం ఎలా తెలియలేదు?
– రిటైర్డ్ ఉపాధ్యాయుడు, కరీంనగర్

జవాబు: అక్కడ 1970ల చివరి నుంచి ఏటా వానల తరవాత పిల్లలకు జ్వరం, ఫిట్స్, స్పృహ తప్పడం వచ్చేవి. జపనీస్ ఎన్‌సెఫలైటిస్ వైరస్ నిజంగానే ఒక కారణం. 2006లో టీకా మొదలయ్యాక ఆ వైరస్ కేసులు తగ్గాయి గానీ, అక్కడి బీఆర్‌డీ మెడికల్ కాలేజీ ఆసుపత్రికి ఇవే లక్షణాలతో పిల్లలు రావడం ఆగలేదు. వెతుకులాట ఎక్కువగా వైరస్‌ల చుట్టూనే సాగింది. 2015, 2016 ప్రాంతాల్లో రక్తాన్ని, వెన్నునీటిని స్క్రబ్ టైఫస్ కోసం పరీక్షిస్తే, కారణం తేలని పిల్లల్లో సగానికి పైగా దీని ఐజీఎం దొరికింది. కొందరిలో పీసీఆర్‌తో జన్యువు కూడా దొరికింది.

అక్కడ చేసిన మంచి పని ఏమిటంటే, ఆ ప్రాంతంలో ఈ యాంటీబాడీలు ఆరోగ్యవంతుల్లోనూ ఉండవచ్చు కాబట్టి వారితో పోల్చి చూశారు. ఆ పోలిక లేకుండా ఐజీఎం శాతం ఎంత పెద్దదైనా నమ్మకూడదు. పొలాల్లో ఆడుకోవడం, కట్టెలు ఇంట్లో నిల్వచేయడం, పశువుల మేత మోయడం, బహిర్భూమికి బయటికి వెళ్లడం లాంటివి ముప్పు పెంచుతున్నాయని తేలింది. ఆ తరవాత జ్వరం మొదటి రోజుల్లోనే ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో డాక్సీసైక్లిన్ లేదా అజిత్రోమైసిన్ ఇవ్వడం మొదలైంది. ఈ జ్వరం మెదడుదాకా పాకేది సాధారణంగా రెండో వారంలో. ఆ లోపు పిల్లవాడికి సరైన బిళ్ల అందాలి.

ప్రశ్న: ఒకసారి వచ్చి తగ్గింది. మళ్లీ వస్తుందా? ఇంట్లో వాళ్లకు అంటుతుందా?
– రైతు, వనపర్తి

జవాబు: మనిషి నుంచి మనిషికి అంటదు. మళ్లీ రావచ్చు, ఎందుకంటే ఒక స్ట్రెయిన్ మీద వచ్చిన రక్షణ మరో స్ట్రెయిన్ మీద కొద్ది నెలలే పనిచేస్తుంది. కంటికి కనీకనబడని చిగ్గర్ పురుగు పిల్ల దశలో ఒక్కసారే జంతువు మీదో మనిషి మీదో వాలుతుంది, బ్యాక్టీరియా దానికి తల్లి గుడ్ల ద్వారానే వస్తుంది. ఎలుకలు ఆ పురుగులను మోసి పెంచుతాయి. అందుకే గట్ల మీద పొదలు కొట్టించండి, గడ్డి మోపు మీద కూర్చోవద్దు, పొలంలో విప్పిన చొక్కాను గడ్డి మీద పడేసి మళ్లీ తొడుక్కోవద్దు. నిండు చేతుల చొక్కా, మడమ దాకా ప్యాంటు వేసుకుని, అంచుల దగ్గర పురుగులను దూరంగా ఉంచే డీఈఈటీ ఉన్న క్రీము రాయండి. ఇంటికి రాగానే సబ్బుతో ఒళ్లు రుద్ది స్నానం చేయండి, పొలం బట్టలు వేడినీళ్లలో వేయండి. పురుగు కుట్టాక ఆరు రోజుల నుంచి మూడు వారాల లోపు జ్వరం వస్తే, పొలానికి వెళ్లిన సంగతి డాక్టరుకు మీరే ముందుగా చెప్పండి.